నాగరత్నం సర్వీసు రిజిస్టరు

కాలువ గట్టు మీద మగవాడు పరిగెడితే అది ఆట. ఆడది పరిగెడితే అది ఫైలు. ఈ చిన్న సంగతి బోధపడటానికి అలేఖ్యకు నాలుగు నెలలు, రెండు కమిటీలు, పదకొండు మరుగుదొడ్లు పట్టాయి. మరుగుదొడ్ల దగ్గరికి మెల్లగా వద్దాం.

అలేఖ్య విజయవాడలో ఒక జిరాక్సు షాపు పైనున్న గదిలో వీడియో గేములు తయారు చేస్తుంది. ఆమెకు రాష్ట్ర కాలువల పరిరక్షణ, ప్రచార సంస్థ వారు ఒక పని అప్పగించారు. కాలువలంటే ఏమిటో, వాటిలో చెత్త ఎందుకు వెయ్యకూడదో బడిపిల్లలకు తెలియాలట. అంతకుముందు ఏడాది ఇదే విషయం మీద పుస్తకాలు వేసి పంచితే, పిల్లలు వాటిని చింపి పడవలు చేసి అదే కాలువలో వదిలారు. అందుకని ఈసారి గేము చేయిద్దామన్నారు.

గేము పేరు ‘గట్టు వీరుడు’. అందులో వీరబాబు అనే లస్కరు ఉంటాడు. లస్కరంటే కాలువ గట్టు మీద తిరుగుతూ, అవసరాన్ని బట్టి తూముల షట్టర్లు ఎత్తుతూ దించుతూ ఉండే ఉద్యోగి. వరదొస్తుంది. వీరబాబు గట్టు వెంట పరిగెత్తాలి, గండ్లు దూకాలి, పాముల్ని తప్పించుకోవాలి, దారికడ్డంగా పడుకున్న గేదెను లేపాలి, ప్రతి తూము దగ్గరా ఇనప చక్రం తిప్పి షట్టరు దించాలి. ఎనిమిదో తూము మూసేలోపు నీళ్ళొస్తే ఊరు మునుగుతుంది. మళ్ళీ మొదటి నుంచి ఆడుకోవాలి.

నిజానికి అలేఖ్య మొదట గీసింది వీరబాబును కాదు, నాగరత్నం అనే అమ్మాయిని. దానికి కారణం సత్తెమ్మ.

సత్తెమ్మ ఆ సంస్థ ఆఫీసులో ఊడ్చే మనిషి. ఆమె భర్త పెదలంక కాలువ మీద లస్కరుగా ఉండేవాడు. మోకాళ్ళు పట్టేసి ఆయన మంచానికి అంటుకుపోతే, తొమ్మిదేళ్ళు ఆ డ్యూటీ చేసింది సత్తెమ్మే. గట్టు మీది వాళ్ళందరికీ తెలుసు, ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళు తెలియనట్టు ఊరుకున్నారు. ఆయన పోయాక కారుణ్య నియామకం కింద లస్కరు పనే ఇమ్మని ఆమె దరఖాస్తు పెట్టుకుంది. మహిళా లస్కరు అనే పోస్టు రాష్ట్రంలో లేదని సమాధానమిచ్చి, దరఖాస్తును బీరువాలోనూ చీపురును ఆమె చేతిలోనూ పెట్టారు. అది జరిగి ఆరేళ్ళయింది.

గేము పని మీద ఆఫీసుకు వచ్చినప్పుడల్లా అలేఖ్య ఆమెతో కబుర్లాడేది. వానలో చక్రం బిగుసుకుంటే చేతులతో కుస్తీ పట్టకూడదని, వెనక్కి తిరిగి తుంటితో ఒక్క తోపు తొయ్యాలని సత్తెమ్మ చెప్పింది. గేదెను కర్రతో కొడితే లేవదని, తోక కొంచెం మెలిపెట్టాలని చెప్పింది. చీర ఎగ్గట్టి, జారే గట్టు మీద పాదం అడ్డంగా వేసి ఎలా పరిగెత్తాలో వరండాలో పరిగెత్తి మరీ చూపించింది. ఆ నడకంతా నాగరత్నానికి వచ్చింది. బొమ్మ చూసి సత్తెమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

అయితే సంస్థ డైరెక్టరు పురుషోత్తమరావు గారు ఒప్పుకోలేదు. రాష్ట్రంలో లస్కర్లందరూ మగవాళ్ళేనని, ప్రభుత్వ గేములో చరిత్రను వక్రీకరించడం తగదని ఆయన మందలించారు. ఎగిరి తూము మీదికి దూకే లస్కరు చరిత్రలో ఎక్కడున్నాడని అలేఖ్య అడగలేదు. అప్పటికే సగం పనయింది. నాగరత్నాన్ని కంప్యూటర్లో ఒక మూల దాచి, వీరబాబును పరిగెత్తించింది. మనసులో మాత్రం ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

గేము పూర్తికావస్తుండగా పైనుంచి సర్క్యులరు దిగింది. ప్రభుత్వ ఖర్చుతో తయారయ్యే ప్రతి గేములోనూ ఆడేవాళ్ళు కోరుకుంటే స్త్రీ పాత్రతో ఆడుకునే వీలుండాలి. లేకపోతే ఆ గేమును విడుదల చెయ్యరాదు. ఎవరో పెద్ద అధికారి విదేశంలో వారం రోజుల శిక్షణకు వెళ్ళి, తిరిగొచ్చే విమానంలో దాన్ని రాశారని వినికిడి. రాసింది ఎక్కడైతేనేం, మాట మంచిదే. అలేఖ్య ఎగిరి గంతేసింది. నాగరత్నం సిద్ధంగానే ఉంది, రెండు రోజుల్లో గేములో పెట్టేస్తానని ఆఫీసుకు పరిగెత్తింది.

డైరెక్టరు గారు అప్పటికే పూర్తిగా మారిపోయి ఉన్నారు.

“స్త్రీ సాధికారత విషయంలో ఈ సంస్థ మొదటి నుంచీ ముందంజలో ఉందన్న సంగతి మీకు తెలియనిది కాదు,” అన్నారాయన. “సదరు పాత్రను తక్షణమే ప్రవేశపెట్టే నిమిత్తం ఫైలు తెరవవలసిందిగా సూపరింటెండెంటు గారిని ఆదేశిస్తున్నాను.”

సూపరింటెండెంటు కృత్తివాసరావు గారు ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితాన్ని కూడా తప్పు ఫైల్లో పెట్టని మనిషి. ఆయనకు లంచం తెలియదు, సెలవు తెలియదు, హాస్యం తెలియదు. నాగరత్నం కోసం ఏ ఫైలు తెరవాలా అని ఆయన రెండు రోజులు బీరువాలన్నీ వెతికారు. గేములోని మనిషి అన్న శీర్షిక ఎక్కడా దొరకలేదు. ఆడవాళ్ళ ఊసు ఉన్న ఫైలు ఆ ఆఫీసు మొత్తంలో ఒకటే ఉంది: మహిళా ఉద్యోగుల నియామకం, సర్వీసు నిబంధనలు. నాగరత్నం స్త్రీ, గేములో లస్కరు ఉద్యోగం చేస్తుంది, కాబట్టి మహిళా ఉద్యోగి. ఇందులో తప్పు పట్టగలిగిన మొనగాడు ఆ ఆఫీసులో లేడు. కృత్తివాసరావు గారు కొత్త సర్వీసు రిజిస్టరు తీసి, మొదటి పేజీ మీద గుండ్రటి అక్షరాలతో నాగరత్నం పేరు రాశారు.

అలేఖ్య నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగింది. మరి వీరబాబుకు కూడా సర్వీసు రిజిస్టరు ఉందా అని అడిగింది.

“ఆయన్ని ప్రొజెక్టరుతో పాటు యంత్రసామగ్రి జాబితాలో తీసుకున్నాం కదమ్మా. యంత్రసామగ్రికి సర్వీసు నిబంధనలు వర్తించవు.”

“అయితే ఈమెను కూడా అందులోనే రాసెయ్యండి సార్.”

కృత్తివాసరావు గారు కలం కింద పెట్టారు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది. “ఒక ఆడపడుచును జనరేటరు పక్కన రాయమంటావా అమ్మా? మహిళల గౌరవం ఏం కావాలి?” అన్నారు.

రిజిస్టరు నింపడం మొదలైంది.

తండ్రి లేక భర్త పేరు అన్న గడి దగ్గర మొదటి చిక్కు వచ్చింది. సృష్టికర్త అలేఖ్య అని రాయమంటే, సృష్టికర్తకు గడి లేదన్నారు. చివరికి నాగరత్నానికి అన్నగా వీరబాబును నిర్ణయించి, తండ్రి స్థానంలో అతని పేరు రాసి, యంత్రసామగ్రి జాబితాలో అతని వరస సంఖ్య కూడా వేశారు. తరవాత పుట్టుమచ్చలు. గుర్తింపుకు రెండు పుట్టుమచ్చలు లేనిదే ఈ దేశంలో పదో తరగతి సర్టిఫికెట్టు కూడా రాదు. నాగరత్నానికి ఒక్కటీ లేదు. అలేఖ్య కంప్యూటరు ముందు కూచుని కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి దగ్గర ఒకటి పెట్టింది. మోచేతి మచ్చ జాకెట్టు చెయ్యి కింద దాగిపోతోందని, తనిఖీకి వీలుగా చెయ్యి పొట్టిగా చెయ్యమని కృత్తివాసరావు గారు రాశారు. జాకెట్టు చెయ్యి పొట్టిగా ఉండటం హుందాతనానికి భంగమని డైరెక్టరు గారు దాని పక్కనే రాశారు. మచ్చ మణికట్టుకు బదిలీ అయింది.

ఆ తరవాత ఆరోగ్య ధ్రువపత్రం. ప్రభుత్వ డాక్టరు దగ్గరికి అలేఖ్య లాప్‌టాప్ పట్టుకెళ్ళి, ఓపీలో నలభై మంది వెనక నిలబడింది. డాక్టరు గారు తలెత్తకుండా గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. నాగరత్నం పీల్చలేదు. ఊపిరి పీల్చని అభ్యర్థిని తాను పాస్ చెయ్యలేనని ఆయన తిప్పి పంపారు. అలేఖ్య వారం రోజులు కష్టపడి ఊపిరి ఆడే బొమ్మ తయారు చేసింది. రెండోసారి డాక్టరు గారు సంతృప్తిపడి, నాడి అందలేదుగానీ మనిషి చురుగ్గా ఉందని రాసిచ్చారు.

ఇంతా అయ్యాక తేలిందేమిటంటే, సర్వీసు రిజిస్టరు ఉండాలంటే ముందు పోస్టు ఉండాలి. మహిళా లస్కరు పోస్టు రాష్ట్రంలో లేదు కదా. ఇక్కడ డైరెక్టరు గారు విజృంభించారు. దేశంలోనే తొలి మహిళా లస్కరు తమ సంస్థలో ఉంటే, జలోత్సవం రోజున మంత్రిగారి ముందు తాను ఎంత వెలిగిపోతారో ఆయన కళ్ళకు కట్టింది. స్వయంగా ఫైలు చంకన పెట్టుకుని పై ఆఫీసులన్నీ తిరిగారు. పోస్టులు అడిగితే ఏళ్ళ తరబడి నానబెట్టే ఆ ఆఫీసుల్లో, ఈ ఫైలు తొమ్మిది రోజుల్లో బయటపడింది. మహిళా సాధికారత అన్న ముద్ర ఉన్న కాగితాన్ని అడ్డుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లోపల ఏముందో చదివే తీరికా లేకపోయింది. పెదలంక కాలువ మీద మహిళా లస్కరు, ఒక పోస్టు, శాశ్వత ప్రాతిపదిక అని ఉత్తర్వు వచ్చింది. గేము అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఉత్తర్వు నమూనాలో అలాంటి మాటకు చోటు లేదు మరి.

పోస్టు వచ్చిందంటే భద్రత రావాలి. మహిళా ఉద్యోగుల రక్షణ కమిటీ సమావేశమైంది. పద్నాలుగు మంది సభ్యుల్లో పదమూడు మంది మగవాళ్ళు. పద్నాలుగో స్థానంలో మహిళ ఉండాలి కాబట్టి, గేము సంగతి వివరించడానికి వచ్చిన అలేఖ్యనే లెక్కలోకి తీసుకున్నారు. సభ్యురాలి హోదాలో ఉన్నందున ఆమె గేము గురించి మాట్లాడరాదన్నారు.

కమిటీ మూడు గంటలు గేము చూసి గుండెలు బాదుకుంది. ఒంటరిగా ఆడపిల్ల గట్టు మీద తిరగడమేమిటి? ఆమె వెంట ఎప్పుడూ ఇద్దరు కాపలావాళ్ళుండాలన్నారు. పాములు వద్దు, వాటి బదులు తాడుముక్కలు పెట్టమన్నారు. గేదె ఉండొచ్చుగానీ ముందే లేచి నిలబడి ఉండాలన్నారు. ఇనప చక్రం బరువెక్కువ కాబట్టి దాన్ని కాపలావాళ్ళు తిప్పుతారు, నాగరత్నం పర్యవేక్షిస్తుంది. సాయంత్రం అయిదు దాటాక మహిళా ఉద్యోగి విధుల్లో ఉండరాదు కాబట్టి వరద ఉదయం పదిన్నరకు మొదలై అయిదులోపు తగ్గిపోవాలి. మధ్యలో భోజన విరామం ఉండాలి, ఆ ముప్పావుగంటా నీళ్ళు ఎక్కడివక్కడ ఆగాలి. డ్యూటీకి బయల్దేరే ముందు ప్రతిసారీ సంరక్షకుడి నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. సంరక్షకుడు వీరబాబు కాబట్టి, అతను గేములో ఎక్కడున్నాడో వెతికి పట్టుకోవాలి. చివరగా, గట్టు పొడవునా మహిళలకు పదకొండు మరుగుదొడ్లు కట్టాలి.

ఈ ఆఖరి తీర్మానం ఏకగ్రీవంగా చప్పట్లతో నెగ్గింది. అలేఖ్య కూడా చప్పట్లు కొట్టింది. ఆ తరవాత సమావేశం ముగియక ముందే లేచి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న కాఫీ హోటలుకు వెళ్ళొచ్చింది. ఆ ఆఫీసులో ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో పాత ఫైళ్ళు పెట్టి తాళం వేసి పన్నెండేళ్ళయింది.

రెండో కమిటీ దుస్తుల గురించి. ఎగ్గట్టిన చీర నాగరికం కాదన్నారు, చుడీదారు సంప్రదాయం కాదన్నారు. ప్యాంటు అన్న మాట ఎవరో అనబోయి చుట్టూ చూసి దగ్గారు. చివరికి నిండు చీర, కొంగుకు ఆరు పిన్నులు, దాని మీద గుర్తింపు కార్డు అని నిశ్చయమైంది. ఆ చీరతో నాగరత్నం దూకలేదని అలేఖ్య మనవి చేసుకుంటే, గండి ఉన్నచోటల్లా బల్లకట్టు వెయ్యమన్నారు.

అలేఖ్య అన్నీ చేసింది. కోపంతో పళ్ళు నూరుకుంటూ చేసింది. ఎలాగైనా జలోత్సవం నాటికి నాగరత్నం గట్టెక్కాలి, ఆడపిల్లలు ఆమెను ఎంచుకుని ఆడాలి, అంతే ఆమెకు కావలసింది. చిన్నప్పుడు మేనత్త ఇంట్లో ఆటలాడుకునేటప్పుడు ఆమెకు ఎప్పుడూ ఒకటే పాత్ర దక్కేది: కోటలో బంధించిన రాకుమారి. బావలు వచ్చి విడిపించేదాకా చేతులు కట్టుకుని కూచోవాలి. ఒకసారి వాళ్ళు భోజనానికి వెళ్ళి మరిచిపోతే ఆమె సాయంత్రం దాకా బందీగానే ఉంది. ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

సవరించిన గేమును ఆఫీసు వరండాలో పరీక్షకు పెట్టారు. ఆడి చూడమని సత్తెమ్మ చేతికి మీటలిచ్చింది అలేఖ్య. సత్తెమ్మ చెయ్యి తుడుచుకుని ఉత్సాహంగా కూచుంది. నాగరత్నం తెర మీదికొచ్చి ఊపిరి పీల్చింది. అనుమతి పత్రం కోసం వీరబాబును వెతకడానికి పావుగంట పట్టింది. అతను టీ బడ్డీ వెనక ఉన్నాడు. సంతకం పెట్టాక కాపలావాళ్ళు రావాలి. ఒకడు వచ్చాడు, రెండోవాడు సెలవులో ఉన్నాడు. బదులు మనిషి వచ్చేసరికి భోజన విరామమైంది. విరామం అయ్యాక నాగరత్నం మొదటి మరుగుదొడ్డి దాకా హుందాగా నడిచింది. నిలబడి ఉన్న గేదె ఆమెకేసి జాలిగా చూసింది. అయిదయింది. నాగరత్నం ఇంటికి వెళ్ళిపోయింది. ఊరు మునిగింది.

సత్తెమ్మ మీటలు కింద పెట్టేసింది.

“ఈ పిల్లనెందుకమ్మా ఇంత భయపెట్టి పెట్టారు?” అంది. “నాకు తొమ్మిదేళ్ళూ ఒక్క కాపలావాడూ లేడు. ఊరు ఒక్కసారి మునిగిందా అడగండి.”

అలేఖ్య తలొంచుకుంది. సత్తెమ్మ ముందు సిగ్గుతో చచ్చిపోయింది.

అప్పుడే కృత్తివాసరావు గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. నియామకపు ఉత్తర్వు అందిన పదిహేను రోజుల్లోగా అభ్యర్థి స్వయంగా వచ్చి చేరిక పత్రం మీద సంతకం పెట్టాలట. గడువు మర్నాడు సాయంత్రం అయిదింటికి. అభ్యర్థి పరిస్థితి దృష్ట్యా అలేఖ్య ఆమె తరఫున సంతకం పెట్టొచ్చని, దానికి డైరెక్టరు గారి ప్రత్యేక అనుమతి ఉందని చెప్పారు.

అలేఖ్యకు విసుగు నషాళానికి అంటి ఉంది. “చేరకపోతే ఏమవుతుంది సార్?” అంది.

“గడువులోగా హాజరు కాని అభ్యర్థి హక్కు కోల్పోతారు. సదరు ఖాళీని అదే పోస్టు కోసం పెండింగులో ఉన్న దరఖాస్తుల్లోంచి, సీనియారిటీ ప్రకారం భర్తీ చెయ్యాలి.”

“మహిళా లస్కరు పోస్టుకు ఎన్ని దరఖాస్తులున్నాయి?”

కృత్తివాసరావు గారు చూసి చెబుతానని లోపలికెళ్ళి, బీరువా తెరిచి, దుమ్ము దులిపి, తిరిగొచ్చారు. ఒకటే ఉందన్నారు. ఆరేళ్ళ కిందటిది, తిరస్కరించినట్టు దాని మీద ఎవరూ రాయలేదన్నారు. దరఖాస్తుదారు పేరు సత్తెమ్మ. పేరు చదివి ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఎదురుగా మీటల పక్కన కూచుని ఉన్న మనిషిని తేరిపార చూశారు. రోజూ తన బల్ల కింద ఊడ్చే మనిషికి కూడా ఒక దరఖాస్తు ఉంటుందని ఆయనకు తట్టలేదు.

మర్నాడు నాలుగింటికే కృత్తివాసరావు గారు చేరిక పత్రం, సిరా కలం, గడియారం ముందు పెట్టుకుని కూచున్నారు. అలేఖ్య ఆయన ఎదురుగా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. సంతకం పెడితే నాగరత్నం ఉంటుంది, ఆ చీరా ఆ కాపలావాళ్ళతోనైనా ఉంటుంది, ఎప్పటికైనా బాగుచేసుకోవచ్చు. పెట్టకపోతే పోతుంది. నెలల తరబడి కన్నబిడ్డలా పెంచుకున్న బొమ్మ. అలేఖ్య తెర తెరిచి ఒకసారి చూసింది. నాగరత్నం ఊపిరి పీలుస్తోంది. ఏడుపొచ్చినంత పనయింది.

నాలుగున్నరకు డైరెక్టరు గారు వచ్చి, ఇంకా సంతకం కాలేదా అని గద్దించారు. స్త్రీ పాత్ర లేకపోతే గేముకు విడుదల లేదని, మంత్రిగారి ముందు తన పరువు గంగలో కలుస్తుందని, అలేఖ్యకు ఇక ప్రభుత్వ పని కల్ల అని ఒక్క గుక్కలో చెప్పారు. అలేఖ్య కలం అందుకోలేదు. చేతులు రెండూ లాప్‌టాప్ కింద దాచుకుంది. అయిదు కావడానికి రెండు నిమిషాలుందనగా కృత్తివాసరావు గారు లేచి గుమ్మం దాకా వెళ్ళి, అటూ ఇటూ చూసి, నాగరత్నం గారున్నారా అని మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. ఆయన వచ్చి కూచుని, అభ్యర్థి హాజరు కాలేదని రాసి, తేదీ వేశారు.

డైరెక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. స్త్రీ పాత్ర పోయిందిరా భగవంతుడా అన్నారు.

“ఉద్యోగం పోయిందండి, పాత్ర పోలేదు,” అన్నారు కృత్తివాసరావు గారు. సర్క్యులరు తీసి మళ్ళీ ఒకసారి చదివారు. “గేములో స్త్రీ ఉండాలన్నారు గానీ, ఆవిడ మన ఉద్యోగి అయి ఉండాలనలేదు. నాగరత్నం గారు ఈ క్షణం నుంచీ బయటి మనిషి. బయటి మనిషి గట్టు మీద పరిగెడితే మనకు సంబంధం లేదు. ఆవిడకు కాపలా ఇస్తే అది అధికార దుర్వినియోగం అవుతుంది.”

అలేఖ్యకు ఆ మాట బుర్రకెక్కడానికి కొంచెం టైము పట్టింది. ఎక్కాక, జీవితంలో మొదటిసారి ఒక సూపరింటెండెంటును కావలించుకోవాలనిపించింది. ఆయన మొహం చూసి నమస్కారంతో సరిపెట్టుకుంది.

రెండు రోజుల్లో అన్నీ పీకేసింది. కాపలావాళ్ళు పోయారు, బల్లకట్లు పోయాయి, అనుమతి పత్రం పోయింది, నిండు చీర పోయి ఎగ్గట్టిన చీర వచ్చింది. తాడుముక్కలు బుస కొట్టాయి. గేదె హాయిగా దారికడ్డంగా పడుకుంది. మరుగుదొడ్లు మాత్రం తియ్యలేదు. వాటిని చూస్తే కళ్ళకు చల్లగా ఉందనిపించి ఉంచేసింది.

జలోత్సవం రోజున బడిపిల్లలు బారులు తీరారు. ఆడపిల్లలందరూ నాగరత్నాన్ని ఎంచుకున్నారు. కాసేపయ్యాక, వీరబాబుకు చక్రాన్ని తుంటితో తొయ్యడం రాదని కనిపెట్టి మగపిల్లలూ ఆమెనే ఎంచుకున్నారు. నాగరత్నం బురదలో పడింది, పాము మీద కాలేసింది, గేదె తోక మెలిపెట్టింది, ఎనిమిది తూములూ మూసింది. ఒక పిల్ల మూడుసార్లు ఊరు ముంచి నాలుగోసారి గట్టెక్కించి, నలుగురికీ వినబడేలా తన పేరు చెప్పుకుంది. అలేఖ్యకు కడుపు నిండిపోయింది.

మంత్రిగారు ముచ్చటపడి ఆ అమ్మాయి ఎవరని అడిగారు. డైరెక్టరు గారు చేతులు కట్టుకుని, ఆవిడ తమ సంస్థకు ఏ విధంగానూ సంబంధించిన వ్యక్తి కాదని విన్నవించారు.

సోమవారం సత్తెమ్మను చేరిక పత్రం కోసం పిలిచారు. కమిటీల తీర్మానాలన్నీ పోస్టుకు సంబంధించినవి కాబట్టి అవి ఇప్పుడు ఆమెకు వర్తిస్తాయని కృత్తివాసరావు గారు చదివి వినిపించారు. పదకొండు మరుగుదొడ్లకు టెండర్లు పిలిచామన్నారు. ఆఫీసులో ఉన్నదాని తాళం కూడా తీయించి, ఫైళ్ళు తన గదిలోకి మార్పించుకున్నానన్నారు. ఇద్దరు కాపలావాళ్ళు గుమ్మం దగ్గర కొత్త లాఠీలతో నిలబడి ఉన్నారు. వరదను పదిన్నర నుంచి అయిదులోపు రమ్మనడం మాత్రం తన పరిధిలో లేనందున ఆ అంశాన్ని పైకి రాశానన్నారు. అందాకా డ్యూటీ నీళ్ళ వేళలను బట్టే ఉంటుందన్నారు.

సత్తెమ్మ అన్నిటికీ తలూపింది. అలేఖ్య ఆమె పక్కనే నిలబడి ఉంది. కృత్తివాసరావు గారు పత్రం ముందుకు జరిపి, సంతకం చెయ్యవలసిన చోటు చూపించారు. సత్తెమ్మ కలం పట్టుకుని ఆగిపోయింది.

“ఎవరి పేరు పెట్టమంటారండీ?” అంది.

ఆ ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదు.

“తొమ్మిదేళ్ళు గట్టు మీద రిజిస్టర్లో ఆయన పేరే పెట్టానండీ. నా పేరు ఎప్పుడూ పెట్టలేదు.”

అలేఖ్యకు కళ్ళు చెమర్చాయి. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసులో కృత్తివాసరావు గారి చెవిన ఇంత పెద్ద నేరం ఎప్పుడూ పడలేదు. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. నిబంధనల పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, చాలాసేపు చూసి మూసేశారు.

“మీ పేరు మీరు పెట్టుకోవడానికి అడ్డొచ్చే నిబంధన ఏదీ నాకు కనబడటం లేదమ్మా,” అన్నారు. “ఆ తొమ్మిదేళ్ళ మాట మాత్రం నాకు వినబడలేదు.”

సత్తెమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. రాసిందాన్ని ఒకసారి చూసుకుంది. తరవాత గోడ గడియారం కేసి చూసి గబుక్కున లేచింది. పన్నెండింటికి కాలువకు నీళ్ళు వదులుతారని, మూడో తూము షట్టరు ఎత్తకపోతే గట్టు తెగుతుందని చెప్పి, చీర ఎగ్గట్టి మెట్లు దిగింది. ఆమె వెనకాల ఇద్దరు కాపలావాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తారు.